తరుగు

ఏటుకూరు రోడ్డులో, కోల్డ్ స్టోరేజీ వెనక
రేకుల షెడ్డు కింద
ముక్కుకి గుడ్డ కట్టుకుని
పొద్దున్నించి మిరపకాయలకి తొడిమలు తీస్తాం.
కిలోకింత.
దీపాలు పెట్టే వేళకి ఏలీయా మేస్త్రి కాటా పెడతాడు.
చెమ్మకి కొంత, చెత్తకి కొంత,
గోనె బరువుకి కొంత తరుగు తీసి
మిగిలిందే నీ దినం అంటాడు.

పదహారేళ్లు ఆ కాటా కిందే బతికాను.
మోకాళ్లూనినప్పుడు కూడా
పైన ముల్లు ఊగుతున్నట్టే ఉండేది.

మా ఇంట్లో బియ్యం డబ్బా మీద
పాల లెక్కకని కొన్న పుస్తకం ఒకటుంది.
అందులో పాలు లేవు.
శ్రమల దినాల్లో పస్తున్న పూటలకి గీతలు,
కానుక సంచిలో వేసిన పది, ఇరవై,
మూడో జామున లేచి చేసిన ప్రార్థనకి ఒక చుక్క.
దోర్కమ్మ మీద నోరు పారేసుకున్న రోజున
నాలుగు గీతలు నేనే కొట్టేసుకున్నాను.
చెమ్మకి కొంత, చెత్తకి కొంత.
ఏడాది చివర కూడితే
ఎప్పుడూ గోనె బరువే మిగిలేది.

మార్చి నెల, శనివారం.
రాత్రి పదకొండు దాకా తేజా కాయ.
తేజా సంగతి గుంటూరు వాళ్లకి చెప్పక్కర్లేదు,
చర్మం కాదు, ఎముక మండుతుంది.
ఇంటికొచ్చి మజ్జిగతో కడిగాను,
కొబ్బరినూనె రాశాను,
బట్టల సబ్బుతో అరచేతులు పాలిపోయేదాకా తోమాను.
తెల్లారితే ప్రభువు బల్ల.
ఈ చేతులతోనా?

ఇంకో సంగతి ఉంది, దాస్తే అబద్ధమవుతుంది.
ఆ సాయంత్రం మనవరాలికి నీళ్లు తాగించడానికి
దోర్కమ్మ లేచినప్పుడు
ఆమె బుట్టలోంచి నా బుట్టలోకి
ఒంపుకున్నాను.
రెండు దోసిళ్లు.
కాటాకి తెలీలేదు.

చివరి వరసలో మోకరించాను
వేళ్లు మడిచి కొంగులో దాచుకుని.
పక్కకి చూద్దును గదా, దోర్కమ్మ.
అయ్యగారు పళ్లెంతో వచ్చి నా ముందు ఆగారు.
నా పుస్తకంలో ఎన్ని గీతలో చెబుదామనుకున్నానేమో,
నోరు ఎండిపోయింది.
"చెయ్యి చాపమ్మా" అన్నారు.
అంతే.

చాపాను.
ఎర్రగా, వాచి, రెండు దోసిళ్ల దొంగ చెయ్యి.
అందులో రొట్టె ముక్క పెట్టి
పక్కకి జరిగారు.

నోట్లో వేసుకున్నాను.
కారం.
నా వేళ్ల కారం రొట్టెకి అంటి
నాలిక మీద భగ్గుమంది.
ఇన్ని కడుగుళ్లు కడిగినా పోని నా మంటని
కూడా వెంటబెట్టుకుని
లోపలికి వచ్చేశాడు నా తండ్రి.
గడప అవతల చెప్పులు విడిచి రమ్మనే ఇంటికి
చెప్పుల్తోటే వచ్చిన చుట్టంలా.

కళ్లు కారిపోతున్నాయి.
తుడుచుకోబోతే దోర్కమ్మ మణికట్టు పట్టేసింది.
"తేజా చేతులే పిచ్చిదానా, కళ్లు పోతాయి"
అని తన కొంగుతో తుడిచింది.
ఆమెకి తెలుసో, తెలీదో.
ఇప్పటికీ అడగలేదు.

సోమవారం రెండు దోసిళ్లు ఆమె బుట్టలో పోశాను,
మూడోది కూడా పోశాను, ఎందుకో తెలీదు.
"ఏంటే లోయిసమ్మా?" అంది.
"నీదే" అన్నాను.
సాయంత్రం మేస్త్రి మామూలుగానే తరుగు తీశాడు.
నాకు మామూలుగానే కోపమొచ్చింది.

ఇంకా కొన్ని రాత్రులు మూడో జామున మెలకువొచ్చి
వేళ్లు పెన్సిలు కోసం వెతుకుతాయి.
మాటాడాలనిపిస్తే ఆయనతో మాటాడతాను.
నిద్ర పడితే పడుకుంటాను.

ఆ పుస్తకంలో ఇప్పుడు పాల లెక్కే రాస్తున్నాను.
మొన్న మంగళవారం పాలు రాలేదు.
రాసుకున్నాను.